వెనక బెంచీ మీద కూర్చుని నేను వేసిన మార్కులు

2003లో ఒక ప్రాథమిక పాఠశాల. నాలుగో తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాను. నా ఒళ్ళో పరిశీలన పట్టిక. అప్పట్లో నేను ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో లెక్చరర్ని. మా ఛాత్రోపాధ్యాయిని ఒకమ్మాయి పరిసరాల విజ్ఞానంలో ‘కుటుంబం’ పాఠం చెబుతోంది. ఉన్ముఖీకరణ బాగానే చేసింది. శీర్షిక ప్రకటించింది. రాత్రంతా కూర్చుని గీసుకొచ్చిన చార్టు తగిలించింది. అందులో నాన్న చేతిలో బ్యాగు, అమ్మ చేతిలో గరిటె. నాన్న ఉద్యోగానికి వెళ్తాడు, అమ్మ ఇంటిపని చేస్తుంది అని చెప్తుండగా మూడో వరసలోంచి ఒక పాప లేచింది.

"మా అమ్మ నాట్లకు పోతది టీచర్. మా నాన్న లేడు."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత చార్టు తీసి చుట్టేసింది. "మీ అమ్మ పొద్దున లేచినప్పటినుంచీ ఏమేం చేస్తుందో చెప్పండి" అంది. నీళ్ళు తెస్తది, వాకిలి ఊకుతది, బీడీలు చేస్తది, కలుపు తీస్తది, మేకల్ని కట్టేస్తది, తమ్మునికి తినిపిస్తది. బోర్డు నిండిపోయింది. ఒక పిల్లవాడు "మా అమ్మ ఏం పని చెయ్యదు, ఇంట్లనే ఉంటది" అన్నాడు. మిగతా పిల్లలు నవ్వి వాడిచేత ఒక్కొక్కటీ చెప్పించారు. లెక్క పద్నాలుగు దాకా వచ్చింది. వాడు బోర్డు వైపు నోరు తెరుచుకుని చూస్తుంటే గంట కొట్టారు. మూల్యాంకన ప్రశ్నలు అడగనేలేదు, ఇంటిపని ఇవ్వనేలేదు.

నేను పట్టికలో రాశాను: ‘పాఠ్య పథకం ప్రకారం జరగలేదు. సమయపాలన లేదు. బోధనా లక్ష్యం నెరవేరలేదు.’ మార్కులు తగ్గించాను. ఆ అమ్మాయి రికార్డు తీసుకోవడానికి వచ్చి, కాసేపు నిలబడి అడిగింది. "మేడమ్, ఆ పాప లేచినప్పుడు నేనేం చెయ్యాల్సింది?"

"తర్వాత చెబుదువుగాని కూర్చో అనాలి" అన్నాను.

తర్వాతి వారం ఆమె పాఠం పథకం ప్రకారం జరిగింది. ఎవరో లేవబోతే కూర్చోమంది. మంచి మార్కులు వేశాను. నేనిచ్చిన శిక్షణ ఫలించింది మరి!

చదువుల నాణ్యత పడిపోతోందనీ, టీచర్లకు సరైన శిక్షణ కావాలనీ ఎవరు మాట్లాడినా ఆ రోజు గుర్తొచ్చి నా నోరు పెగలదు. శిక్షణ అనే మాటలోనే శిక్ష ఉందని మనం సరదాగా అంటూంటాం. ఒకరికి చెప్పడం నేర్పుతున్నామనుకుంటూ మనం నేర్పుతున్నది నైపుణ్యాన్నా, విధేయతనా? విధేయతే నేర్పితే, ఆ టీచర్ తన తరగతిలో పిల్లలకు స్వేచ్ఛ ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తుంది?

మన టీచర్ని పిల్లల ముందు నియంతగానూ పై అధికారి ముందు అణకువగల ఉద్యోగిగానూ ఒకేసారి చూపించి, ‘దీన నియంత’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు విద్యావేత్త కృష్ణకుమార్. అది చదివినప్పుడు టీచర్ల గురించే అనుకున్నాను. వాళ్ళని తయారుచేసే నా గురించి కూడా అని చాలా ఆలస్యంగా అర్థమైంది. నా పైన కూడా పట్టికలున్నాయి. రికార్డులు సక్రమంగా ఉన్నాయా, ఎన్ని పాఠాలు పరిశీలించావు అని అడిగేవాళ్ళే తప్ప, ఆ పాఠాల్లో పిల్లలేం మాట్లాడారని నన్నెవరూ అడగలేదు. ఇది చెప్పి తప్పించుకుందామని కాదు. పైనుంచి వచ్చిన బరువును కిందికి దించుకుంటూ పోతే చివరికి అది ఎవరి నెత్తిన పడుతుంది? మూడో వరసలోంచి లేచిన పాప నెత్తిన.

ఈ మాట చెప్తే చాలామంది స్నేహితులు "శిక్షణలదేముంది, పిల్లల మీద ప్రేముంటే చాలు" అంటారు. ముఖ్యంగా టీచర్లు ఆడవాళ్ళయితే ఈ మాట ఇంకా తేలిగ్గా వచ్చేస్తుంది. ఇవాళ దేశంలో బడి టీచర్లలో సగానికి పైగా ఆడవాళ్ళే. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్ బోర్డు పథకం ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండో టీచర్ని ఇవ్వాలంటూ, ఇద్దరిలో ఒకరైనా స్త్రీ ఉండాలని కోరింది. ఆడపిల్లలు బడికి రావడానికి అది మేలే చేసింది. కానీ దాంతోపాటు ‘చిన్నపిల్లలకి చెప్పడం ఆడవాళ్ళకి సహజంగా వస్తుంది’ అనే నమ్మకమూ మన మధ్య పాతుకుపోయింది. సహజంగా వచ్చేదాన్ని ఎవరూ విద్య అనరు. దానికి విలువ కట్టరు. వంటలాగే, బాలింతకు చేసే సేవలాగే. అంగన్‌వాడీలో పని చేసేవారిని మనం టీచర్ అని పిలవడానికి కూడా ఎంత కాలం పట్టిందో చూడండి. మాతృత్వాన్ని పొగిడినంతసేపూ జీతం గురించీ, నేర్చుకునే హక్కు గురించీ మాట్లాడక్కర్లేదు.

సావిత్రిబాయి ఫూలేని మనం ఎలా గుర్తుపెట్టుకున్నామో కూడా ఆలోచించాలి. 1848లో పూనాలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తుంటే ఆమె మీద పేడ, మట్టి విసిరేవారనీ, అందుకని సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేదనీ మనం పిల్లలకి చెప్తాం. చెప్పాల్సిందే. అయితే ఆమె అహ్మద్‌నగర్‌లోనూ పూనాలోనూ ఉపాధ్యాయ శిక్షణ పొందిందని ఎంతమందిమి చెప్తాం? ఆమె సహనం మనకు గుర్తుంది, ఆమె చదువుకున్న వృత్తి విద్య గుర్తు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆమె పుట్టినరోజైన జనవరి 3ని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజైనా ఆ రెండో చీరతోపాటు ఆ శిక్షణ గురించి కూడా మాట్లాడుకుంటే బాగుంటుంది.

ప్రేమ చాలదని నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. ఐదో తరగతికొచ్చినా వత్తులు చదవలేని పిల్లల్ని ఎంతోమందిని చూశాను. వాళ్ళ టీచర్లలో కొందరు పిల్లల్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు. తల దువ్వేవాళ్ళు, సొంత డబ్బులతో పలకలు కొనేవాళ్ళు. కానీ ‘క’ గుర్తుపట్టిన పిల్ల ‘క్క’ దగ్గర ఎందుకు ఆగిపోతోందో, ఇంట్లో ‘పోతది’ అనే పిల్లకి పుస్తకంలోని ‘వెళ్తుంది’ ఎందుకు పరాయి మాటలా ఉంటుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చదివించేవాళ్ళున్న పిల్లకి టీచర్ అజ్ఞానం వల్ల పెద్ద నష్టం లేదు. కూలికి పోయే తల్లి కూతురికి బడి తప్ప వేరే దిక్కు లేదు. ఆ పిల్ల పట్ల చదవడం నేర్పలేని ప్రేమ కూడా అన్యాయమే.

కాబట్టి శిక్షణ వద్దని నేను అనను. శిక్షణ పేరుతో జరుగుతున్నదాన్ని శిక్షణ అనొద్దంటాను. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదికను ఉదహరిస్తూ, పదివేలకు పైగా ఉన్న విడి శిక్షణ కళాశాలల్లో ఎక్కువ భాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2020 జాతీయ విద్యా విధానమే ఒప్పుకుంది. బి.ఎడ్.ని 2015 నుంచి రెండేళ్ళు చేశారు. 2030కల్లా నాలుగేళ్ళ సమీకృత డిగ్రీ కనీస అర్హత కావాలంటున్నారు. ఏటా 50 గంటల శిక్షణ కూడా ఉండాలంటున్నారు. ఏళ్ళు పెంచితే చాలా? నేను వేసిన మార్కుల్లాంటివే నాలుగేళ్ళు వేస్తే ఇంకా గట్టి విధేయులు తయారవుతారు.

ఉద్యోగంలో ఉన్నవారికిచ్చే శిక్షణలూ చూశాను. రాష్ట్రంలో విన్నవారు జిల్లాలో చెప్తారు, జిల్లాలో విన్నవారు మండలంలో చెప్తారు. చివరికి చేరేసరికి మిగిలేది మాడ్యూలూ, సంతకాల రిజిస్టరూ. నేను వెళ్ళిన చాలా చోట్ల వేదిక మీద మగవాళ్ళు, కింద ఆడవాళ్ళు. చంటిబిడ్డతో వచ్చిన టీచర్ ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చునేది, బిడ్డ ఏడిస్తే బయటికి పోవడానికి వీలుగా. బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలని అడిగితే ‘ఎందుకు తెచ్చారు’ అని ఎదురు ప్రశ్న. పిల్ల కేంద్రంగా బోధన ఎలా ఉండాలో ఆ రోజు మాకు చెప్తున్న అంశం! ముప్ఫై మంది పిల్లల్నీ రెండు తరగతుల్నీ ఒకే గదిలో నడుపుకొస్తున్న ఆమెను, నీకేం తెలుసో చెప్పమని అక్కడ ఎవరూ అడగరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని అంటుంది. పెద్దల ముందు తానే అవమానపడి వచ్చిన టీచర్‌కి ఆ సెక్షన్ ఒక కొత్త బెదిరింపుగానే వినిపిస్తుంది.

నేనీ మధ్య ఆ 2003 నాటి తరగతిని మళ్ళీ మళ్ళీ తలుచుకుంటున్నాను. చాలా ఏళ్ళు ఆ ఛాత్రోపాధ్యాయినిని మనసులో ఆకాశానికెత్తుకుని, నన్ను నేను తిట్టుకుని ఊరుకున్నాను. కానీ ఆ పాప రెండు మాటలు చెప్పింది. ‘అమ్మ నాట్లకు పోతది’ అన్న మాటను ఆ అమ్మాయి అందుకుని అద్భుతమైన పాఠం చేసింది. ‘మా నాన్న లేడు’ అన్న మాట అలాగే గాల్లో ఉండిపోయింది. దానికి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. అది ఆమెకూ తెలుసని ఇప్పుడనిపిస్తోంది. అందుకే రికార్డు పట్టుకుని నా ముందు నిలబడి, ఏం చెయ్యాల్సిందని అడిగింది. ఆమె మార్కుల గురించి అడగలేదు. నిజంగా నేర్పమని అడిగింది. శిక్షణ మొదలు కావాల్సిన చోటు అదే.

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అయితే ఇప్పుడైతే కూర్చోమని ఆమెకు కుర్చీ చూపిస్తాను. పట్టిక పక్కన పెట్టి, ఆ పాప ఎవరు, వాళ్ళ ఇల్లెక్కడ, ఆ మాట అన్నప్పుడు ఎటు చూసింది అని అడుగుతాను. నాకు తెలిసింది చెప్తాను, తెలియనిది తెలియదంటాను. రేపు మళ్ళీ ఆ తరగతికి ఇద్దరం కలిసి వెళ్దామంటాను. ఈసారి వెనక బెంచీ మీద కాకుండా పిల్లల మధ్య కూర్చుంటాను.