మధ్యస్థుని స్థానము

న్యాయశాస్త్రకర్త గౌతముడు చర్చను మూడు విధములుగా విభజించెను. సత్యనిర్ణయము కొరకు సాగునది వాదము. గెలుపే ప్రయోజనముగా గలది జల్పము. తన పక్షమేదియు నిలుపక ఎదుటివానిని ఖండించుటతోనే తృప్తి చెందునది వితండ. మన శాసనసభలలోను, ఎన్నికల వేదికలపైనను నేడు వినవచ్చునది ఏ తరగతికి చెందునో పాఠకులకు చెప్పనక్కరలేదు. కాని ఈ విభాగమును వల్లెవేయువారు మరచునది ఒకటి కలదు: పూర్వపు విద్వత్సభలలో వాది, ప్రతివాదులతోపాటు మధ్యస్థుడును ఉండెడివాడు.

రాజకీయ సంభాషణలో సౌజన్యము నశించినదని వగచువారు మృదుభాషణమును ఔషధముగా చెప్పుదురు. ఈ చికిత్సపై నాకు నమ్మకము లేదు. మెత్తని మాటలతోను వితండ చేయవచ్చును. పోయినది మార్దవము కాదు, మధ్యస్థుని స్థానము. బస్తరు చరిత్ర ఇందుకు తార్కాణము.

ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు స్థాపించెనని చెప్పుకొను రాజ్యమది. 1876లో మురియాలు తిరుగబడి జగదల్‌పూర్‌ను చుట్టుముట్టిరి. మురియా దర్బారు ఆ సంవత్సరముననే మొదలైనది. నేటికిని దసరా ఉత్సవముల చివర గ్రామముల మాంఝీలు పాలకుల ఎదుట తమ కష్టములు చెప్పుకొందురు. ఇది ఇప్పుడు చాలవరకు లాంఛనమే కావచ్చును; అయినను ఫిర్యాదు చెప్పువాడు శత్రువు కాడను భావము అందులో మిగిలియున్నది.

2005లో సల్వాజుడుం వచ్చినది. దానిని సమర్థించినవారు ఆ పేరునకు శాంతియాత్ర యని అర్థము చెప్పిరి. గోండీ ఎరిగినవారు శుద్ధి కొరకు జరుపు సామూహికపు వేట యని చెప్పిరి. అనువాదకులు ఆలోచింపదగిన సంగతి! శిబిరమునకు రానివాడు మావోయిస్టుగను, వచ్చినవాడు మావోయిస్టుల దృష్టిలో ద్రోహిగను లెక్కకు వచ్చెను. ఇంటనే ఉండి పొలము దున్నుకొందుననువానికి పేరే లేకపోయెను. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి పోరులోనికి దింపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున ఒకరు తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి.

ఇక బి.డి. శర్మగారి కథ. ఒకప్పుడు బస్తరు కలెక్టరుగా పనిచేసిన ఆయన 1992లో ఉక్కు కర్మాగార ప్రతిపాదనను ఎదిరించినందుకు జగదల్‌పూర్ వీధులలో చెప్పుల దండ వేసి ఊరేగించిరి. 2012 ఏప్రిల్ 21న సుక్మా కలెక్టరును మావోయిస్టులు అపహరించిరి. ఆయన అంగరక్షకులు ఇద్దరు హతులైరి. అప్పుడు మాట సాగించుటకు మనుష్యులు కావలసివచ్చిరి. ప్రభుత్వము తరఫున నిర్మలా బుచ్, ఎస్.కె. మిశ్రా కూర్చుండిరి. మావోయిస్టులు కోరినవారు శర్మగారును, మన హరగోపాల్‌గారును. వీరిరువురు తాడిమెట్ల అడవికి పోయిరి. మే 3న కలెక్టరు విడుదలయ్యెను.

శర్మగారు నిష్పక్షపాతియా యని అడుగువారుందురు. కారు; ఆదివాసుల పక్షమున ఆయనకు గట్టి అభిప్రాయములుండెను, వానిని దాచుకొనలేదు. మధ్యస్థుడనగా అభిప్రాయము లేనివాడు కాదు. ఒకరి మాటను మార్చక, తగ్గింపక రెండవవారికి చేర్చునను విశ్వాసము పొందినవాడు. ఆ విశ్వాసము ఆపత్కాలమున పుట్టదు, ఏండ్ల తరబడి కూడవలెను. ఊరేగింపునకు ఒక పూట చాలును. 2012లో ఇరుపక్షములును గౌరవించిన మనుష్యుని వయస్సు అప్పటికే ఎనుబది దాటినది. 2015లో ఆయన గతించిరి.