సంగతి తేలని వారు

పండుగ రోజులు వచ్చాయంటే నిజ్వాలోని మన తెలుగు ఇళ్ళలో పిండివంటల కన్నా ముందు తయారయ్యేది పిలుపుల జాబితా. మస్కట్‌లో ఉన్నవారు దర్సైత్ కృష్ణాలయానికో, పాత మస్కట్ శివాలయానికో వెళితే ఎవరో ఒకరు కలుస్తారు. మనకు అది గంటన్నర ప్రయాణం. కాబట్టి ఇక్కడ చుట్టరికమంతా ఆ జాబితాలోనే. అందులో ఒక పేరు ఎప్పుడు చేరిందో, ఎప్పుడు జారిపోయిందో మనం పెద్దగా పట్టించుకోము.

కొత్తవారు కనబడగానే ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఏ కంపెనీ, ఫ్యామిలీ వీసాయేనా అని అడుగుతాము. కుశలప్రశ్నలే గానీ, ఆ మనిషిని ఏదో ఒక గడిలో కూర్చోబెడితే తప్ప మన మనసు కుదుటపడదు. "ఇంకా ఏమీ తేలలేదండీ" అన్నవారితో మాట అక్కడే ఆగిపోతుంది.

ఎల్సె ఫ్రెంకెల్-బ్రున్స్విక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో ఈ గుణం గురించి ఒక వ్యాసం రాశారు. కుక్క బొమ్మ కొద్దికొద్దిగా పిల్లిగా మారే చిత్రాలను వరుసగా చూపిస్తే, కొందరు మొదట అన్న "కుక్క"నే చాలాసేపు పట్టుకుని ఉండేవారట. ఏదీ కాని మధ్య బొమ్మలే వారికి కష్టం.

మా పక్క భవనంలో ఒక కుటుంబం ఉండేది. ఆయన ఇంజనీరు. 2018 జనవరిలో ఒమన్ ప్రభుత్వం 87 రకాల ఉద్యోగాలకు విదేశీయుల కొత్త వీసాలు ఆరు నెలలు ఆపినప్పుడు అందరమూ కలిసే దిగులుపడ్డాము. 2020లో ఆయన కాంట్రాక్టు ముగిసింది. పాత యజమాని ఎన్‌ఓసీ ఇవ్వకపోతే రెండేళ్ళ దాకా ఇక్కడ వేరే కంపెనీలో చేరే వీలులేని రోజులవి. ఆ నిబంధన 2021 జనవరిలో పోయింది. ఈలోగా ఉంటారో వెళతారో వారికే తెలియదు.

మేము వారిని వెలివేయలేదు. ఉద్యోగం సంగతి అడిగితే బాధపడతారు, అడగకపోతే నటించినట్లుంటుంది, రేపు చేద్దాములే అని ఫోను వాయిదా వేశాము. ఆ దసరాకు కరోనా వల్ల పేరంటాలు లేవు గానీ నాలుగిళ్ళకు ప్రసాదం పంపాము. ఆ ఇంటికి పంపలేదు. "ఉన్నారో లేరో" అనుకున్నాము. మా బాల్కనీ నుండి వారింట్లో దీపం కనబడుతూనే ఉండేది.

ఈ బాధ మాకు తెలియనిదా అంటే, కాదు. రష్యాలో వైద్యం చదివి తిరిగివచ్చిన వారికి మన దేశంలో 2002 నుండి స్క్రీనింగ్ టెస్ట్ పెట్టారు. మొదటిసారి మేము తప్పాము. ఆరేళ్ళు ఒకే గిన్నెలో అన్నం వండుకుని తిన్న హాస్టల్ మిత్రులు, ప్యాసైన వారు, మెల్లగా ఫోన్లు మానేశారు. వారికి గర్వమని అప్పుడు తిట్టుకున్నాము. బహుశా వారికీ ఏమడగాలో తెలియలేదేమో.

క్లినిక్‌లో జ్వరంతో వచ్చిన మనిషిని "ఇది ఫలానా" అని తొందరపడి తేల్చకూడదని మాకు నేర్పారు. తేలేదాకా రోజూ చూడాలి, పలకరించాలి. తేలలేదని రోగిని చూడటం మానేసే వైద్యుడు ఉండడు. ఇంటికి వచ్చాక ఆ ఓపిక ఏమవుతుందో!

విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవుడు చంపమన్నాడు, అంగదుడు పరీక్షించమన్నాడు, శరభుడు గూఢచారిని పంపమన్నాడు. వాల్మీకి రామాయణంలో హనుమంతుడు చిక్కును ఉన్నదున్నట్లు చెబుతాడు. పని అప్పగించనిదే మనిషి సంగతి తెలియదు, తెలియకుండా హఠాత్తుగా అప్పగించటమూ దోషమే. అందరి సందేహమూ తీరలేదు. అది అలా ఉండగానే రాముడు అభయమిచ్చాడు.

ఆ కుటుంబం 2021లో విశాఖపట్నం వెళ్ళిపోయింది. మొన్న ఈ వ్యాసం రాయటానికి కూర్చుని, ముందు వారికి ఫోన్ చేశాము. ఆయన నవ్వుతూనే మాట్లాడారు. చెల్లెమ్మకు ఇవ్వమంటే, వంటలో ఉందన్నారు.