సత్యవ్రతమును సాధువు నావయు

అన్నవరమున రత్నగిరిపై దంపతులు పీటల మీద కూర్చుండి వినెడి సత్యనారాయణస్వామి కథ అయిదధ్యాయములది. అందు మిక్కిలి భాగము సాధువను వర్తకుని చుట్టును తిరుగును. ఆ వర్తకుని సత్యమును పరీక్షించుటకు స్వామి యెంచుకొనిన స్థలము రాజసభయు కాదు, యజ్ఞశాలయు కాదు; ధనముతో నిండి యింటిదారి పట్టిన నావ. ఇట్లేల జరిగెనను ప్రశ్నకు సమాధానము కొండకు తూర్పున అట్టే దూరము లేని సముద్రతీరమున దొరకును.

కడలి నెరిగిన తండేలు తెల్లవారకమునుపే, గాలి నేలమీదినుండి నీటివైపు వీచుచుండగా తెరచాప నెత్తును. ప్రొద్దెక్కి నేల కాగిన తరువాత గాలి మరలి ఒడ్డువైపు వీచునపుడు దానితోనే తిరిగి వచ్చును. ఈ రెండు గాలుల నడుమ నావ సాగినంతసేపును దాని సంరక్షణమును సాగుచునే యుండవలయును. అడుగున ఊరిన నీటిని తోడవలయును, ఒరసి నలిగిన మోకును మార్చవలయును, చిరుగు పట్టిన చాపను కుట్టవలయును. ఒడ్డు చేరిన పిమ్మట పలకల సందులలో నార దట్టించి, నూనెతో కాచిన గుగ్గిలమును పూయవలయును. కొయ్యను తొలిచెడి సముద్రపు పురుగు సన్నని బెజ్జమున ప్రవేశించి లోపలనే పెరుగును గనుక, పలక పైకి నునుపుగా కనబడుచుండగనే లోన డొల్లయై పోవును. నేడు చూడని లోపము రేపు నడికడలిలో తానే కనబడును.

సాధువు చరిత్రయు నిట్టిదే. సంతానము కలిగిన వ్రతము చేసెదనని మ్రొక్కినవాడు, కూతురు కలావతి పుట్టగా ఆమె వివాహమునాటికని వాయిదా వేసి, వివాహమైన పిమ్మట మరచెను. పిదప వర్తకమునకు పోయిన చోట చెరలో పడి, విడుదలయై ధనముతో యింటికి మరలుచుండగా, దండిసన్న్యాసి రూపమున వచ్చి నావలో నేమున్నదని యడిగిన స్వామితో తీగలును ఆకులును మాత్రమే కలవనెను. ఆ యబద్ధము ఆ క్షణమున పుట్టినది కాదు. మాటను తొలిసారి వాయిదా వేసిన నాడే పురుగు పలకలో ప్రవేశించినది. అతడన్నట్లే నావలోని ధనము ఆకులుగా మారెను; అది కేవలము శిక్షయని నేననుకొనను. అప్పటికే లోన జరిగిపోయిన దానిని స్వామి వాని కన్నులకు చూపెను.

అట్లయిన వ్రతము ఆపదలకు విరుగుడా, సంపదలకు మూల్యమా యని యడుగువా రుందురు. ఇందులకు కోరంగి సాక్ష్యము చెప్పును. ఓడల నిర్మాణమునకు పేరుగాంచిన ఆ రేవును 1789లోను, మరల 1839లోను తుఫానుతో వచ్చిన ఉప్పెన ముంచివేసినది. చక్కగా కట్టిన ఓడయు, చెడ కట్టిన ఓడయు ఆ నీటి కొక్కటే యయ్యెను. కావున సత్యమును కాపాడుకొనినవానికి ఉప్పెన రాదని చెప్పుట భక్తి కాదు, అదియు నొక యబద్ధమే. నావను బాగుచేసికొనుట సముద్రమును లొంగదీయుటకు కాదు, సముద్రముపై సాగుటకు అర్హత నిలుపుకొనుటకు. సత్యమును నట్లే ఫలితముల కొరకు చెల్లించు వెల కాదు, ఏ ఫలితము వచ్చినను మనిషి మనిషిగా నిలుచుటకు చేయవలసిన నిత్యకృత్యము. ఉప్పెన తెచ్చిన నష్టములో అవమానము లేదు; వాయిదాల వలన పలక పుచ్చి మునిగినవానికి మాత్రము నష్టముతో పాటు దోషమును కలదు.

కావున రత్నగిరిపై కథ విని, గోధుమనూక ప్రసాదము నాకుదొన్నెలో తీసికొని మెట్లు దిగు పాఠకులారా, కోరిక తీరునో తీరదో యను చింత స్వామికి విడువుడు. మీరెవరికో మాట యిచ్చి వాయిదా వేసిన పని యొకటి యుండియే యుండును. ఇల్లు చేరిన మరునాడే దానిని పూర్తిచేయుడు. వ్రతము అప్పటికి గాని ముగియదు.