యోబు పిల్లలు రెట్టింపు కాలేదు

యోబుకు మొదట 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడగాడిదలు. అన్నీ పోయి, కష్టకాలం గడిచాక బైబిలులోని యోబు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు తిరిగి ఇచ్చినవి 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల ఎడ్లు, 1,000 ఆడగాడిదలు. అన్నీ రెట్టింపు. పిల్లలు మాత్రం మొదట ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తర్వాత కూడా ఏడుగురు, ముగ్గురే. దేవరకొండ డిపోలో కండక్టరుగా టికెట్ల లెక్క ఒప్పజెప్పి రిటైరైనవాణ్ని, ఇలాంటి తేడా నా కంట పడకుండా ఉండదు. దేవునికి ఇంకో పదిమందిని ఇవ్వడం కష్టమై కాదు. చనిపోయిన పదిమంది పేర్లు లెక్కలోంచి కొట్టేయలేదు కనుక మరో పదిమందితోనే రెట్టింపు అయిపోయిందని నేను చదువుకుంటాను. పండితులు ఒప్పుకుంటారో లేదో, నాకు ఆ లెక్క సరిపోయింది.

నా చిన్నకొడుకు నాగార్జునసాగర్ రోడ్డులో బండి మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. ఆదరణ కూడికకు వచ్చిన ఒక బోధకుడు వాక్యం చెబుతూ, “మంచి చోటికి పోయిండు, విశ్వాసులు ఏడ్వొద్దు, సంతోషించాలె” అన్నాడు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏడుపు తలుపు వేసుకున్నాకే. దుఃఖం ఉండనే ఉంది, దానికి తోడు అది పాపమేమోనన్న భయం వచ్చి చేరింది.

బేతనియలో లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. ఇంకాసేపట్లో అతణ్ని లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. ఇక మనకు వద్దని చెప్పేదెవరు? యోబు స్నేహితులు కూడా మొదట ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు తెరిచాక అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. చివరికి దేవుడే వాళ్ల మాటలు సరికావన్నాడు.

మాది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. రష్యా సామ్రాజ్యం నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దొర భార్యతో కలిసి 1889లో బయలుదేరి, 1890లో నల్గొండలో పని మొదలుపెట్టాడు. 1907లో అమెరికా నుంచి డాక్టరమ్మ కాథరీనా షెలెన్‌బర్గ్ వచ్చింది. ఆ కాలపు మందులతో ఎంతమందిని బతికించగలిగి ఉంటుంది? కలరాకూ ప్లేగుకూ సరైన మందు లేని రోజులవి. రోగి దక్కకపోయినా ఆమె ఈ ప్రాంతాన్ని వదలలేదు. 1945లో షంషాబాద్‌లోనే కన్నుమూసింది. మా తాతల కాలంలో విశ్వాసం నిలబడిందంటే ప్రసంగాల కన్నా ఇలా ఉండిపోయినవాళ్ల వల్లే ఎక్కువని నా నమ్మకం.

మా ఇంట్లో మార్పు కూడా అలాగే వచ్చింది. మా వాడిలాగే బండి మీద పోయిన ఒక పిల్లవాడి తల్లి పక్క తండాలో ఉందని తెలిసి నా భార్య వెళ్లింది. సేవాలాల్ మహరాజ్‌ను కొలిచే ఇల్లది. ఈమె బైబిలు పట్టుకుపోలేదు, సువార్త చెప్పలేదు. పక్కన కూర్చుంది, అంతే. వారం వారం పోవడం అలవాటైంది. ఒకరోజు ఆ తల్లి, “మీ పిల్లగాడు ఏం ఇష్టంగ తినేటోడు?” అని అడిగిందట. మా ఇంటికి వచ్చిన అంతమందిలో ఎవరూ అడగని మాట. పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగేవాడని ఈమె, జొన్నరొట్టెలో నెయ్యి దాచుకుని తినేవాడని ఆమె, చెప్పుకుని చెప్పుకుని ఇద్దరూ నవ్వారు. ఆ సాయంత్రం నా భార్య ఇంటికి వచ్చి నాకు అదంతా చెబుతూ మళ్లీ నవ్వింది.

ఇందుకోసమే మా కొడుకు పోయాడని మాత్రం ఎవరూ అనొద్దు. ఆ లారీకి నేను ఏ అర్థమూ కట్టను. జరిగిన చెడును దేవుడు మంచిదని పిలవడు. దాని చేతిలో మమ్మల్ని వదిలేయడు. విమోచన అంటే నాకు తెలిసింది ఇంతే.

ఈస్టరుకు ముందు మేం సమాధుల తోటలో ముళ్లకంప కొట్టి, సమాధులకు సున్నం వేస్తాం. పండుగనాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు, పూలు పట్టుకుని పోయి, పునరుత్థాన కీర్తనలు పాడతాం. గొంతు పూడుకుపోతూనే పాడతాం. ఖాళీ సమాధి చూసిన స్త్రీలు భయమూ గొప్ప సంతోషమూ కలిసి పరుగెత్తారని మత్తయి రాశాడు. భయం తీరేదాకా సంతోషం ఆగలేదు. లేచిన ప్రభువు చేతులకు మేకుల గాయాలు కూడా అలాగే ఉన్నాయి, తోమాకు చూపించింది వాటినే. గాయం మానితేనే ఆనందం వస్తుందని చెప్పేవాళ్లు ఆ చేతులను ఏం చేస్తారు?

సంఘపెద్దలకు నా మనవి ఒకటుంది. ఆదరణ కూడికలో ప్రసంగం తగ్గించండి. బంధువులంతా వెళ్లిపోయి, నెల తిరిగాక ఆ ఇంటికి పోండి. కూర వండి గిన్నెలో పట్టుకుపోండి. చనిపోయినవాళ్ల పేరు పెట్టి మాట్లాడండి, వాళ్లకు ఏమిష్టమో అడగండి. ఇంటివాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి, నవ్వితే మీరూ నవ్వండి.