ఆపేవాళ్లు ఉన్న ఇల్లు

1934లో పండిట్ మోతీరాం హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన గాయకుడిగా ఆయన నియామకం జరగాల్సిన రోజు అది. చిన్న కొడుకుకు అప్పటికి నాలుగేళ్లు. ఆ వయసు పిల్లవాడికి తండ్రి ఏం ఇచ్చి ఉంటాడు? ఒళ్లో కూర్చోబెట్టుకుని తంబూర తీగ ఒకటి మీటించి ఉంటాడు, అంతే. విలంబితంలో ఊపిరి నిలపడం, రాగాన్ని మెట్టుమెట్టుగా పైకి తీసుకుపోవడం, ఇవేవీ ఆ చేతుల మీదుగా అందలేదు. ఆ పిల్లవాడే పండిట్ జస్‌రాజ్. హిందుస్థానీ సంగీతంలో ఘరానా అంటే ఒక గాన పరంపర; మేవాతి ఘరానా అంటే లోకానికి ముందుగా గుర్తొచ్చే పేరు ఆయనదే.

ఇట్లాంటి వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు 'పాట రక్తంలోనే ఉంది' అంటాం. ఆ మాట మీద నాకు గురి తక్కువ. మా ఇంట్లో రక్తంలో వచ్చింది షుగరు ఒక్కటే. పాట రక్తంలో ఉంటే జస్‌రాజ్ అంతగా తిరగాల్సిన పని ఏముంది? ఒక అన్న ప్రతాప్ నారాయణ్ దగ్గర తబలా నేర్చుకున్నాడు. పెద్దన్న మణిరాం పాడుతుంటే పక్కన కూర్చుని వాయించాడు. హైదరాబాద్‌లో బడికి పోయే దారిలో ఒక చిన్న హోటల్లో బేగం అఖ్తర్ గజల్ రికార్డు మోగుతుండేదట. బడి ఎగ్గొట్టి అక్కడే కూర్చునేవాణ్నని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఇంటినిండా గాయకులున్న పిల్లవాడికి పాట మీద పిచ్చి ఎక్కించింది వీధిలోని హోటలు! పధ్నాలుగేళ్ల ప్రాయంలో, లాహోర్‌లో, ఒక పెద్దాయన 'చచ్చిన తోలు వాయించేవాడివి, రాగం సంగతి నీకేం తెలుసు' అన్న అర్థంలో కసిరాడు. దాంతో తబలా వదిలి గాత్రం పట్టాడు. రేడియోలో పాడేదాకా జుట్టు కత్తిరించుకోనని ఒట్టు పెట్టుకున్నాడంటారు.

ఆ ఘరానా వంశవృక్షం గీస్తే గీత ఎక్కడా తిన్నగా దిగదు. ఘగ్గే నజీర్ ఖాన్ నుంచి శిష్యుడు పండిట్ నత్థూలాల్‌కు, ఆయన నుంచి మేనల్లుడు మోతీరాంకు, మోతీరాం నుంచి పెద్ద కొడుకు మణిరాంకు, అక్కణ్నుంచి తమ్ముడు జస్‌రాజ్‌కు. ఒక ముసల్మాను ఉస్తాదు గొంతు ఒక బ్రాహ్మణ కుటుంబంలో తరాలపాటు నిలిచింది. మధ్యలో ఒకే ఒక్కసారి తండ్రి నుంచి కొడుక్కి నేరుగా చేరింది.

మా ఊరు తిరుమలగిరిలో ఆస్తి ఇట్లా వంకర్లు తిరగదు. తాత పేరు మీది చెలక నాయిన పేరుకు విరాసత్ కావాలంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, తహశీల్దార్ ఆఫీసుకు నాలుగు తిరుగుళ్లు. పట్టా చేతికొస్తుంది. దున్నడం రాకపోయినా భూమి మనదే. తాత దగ్గరున్న రెండో ఆస్తికి మాత్రం ఏ ఆఫీసూ లేదు. ఆయన చిరుతల రామాయణం నేర్పే గురువు. పంటకోతలయ్యాక ఊళ్లోవాళ్లు పిలిస్తే పోయి, రాత్రిళ్లు హార్మోనియం ముందు కూర్చుని రైతులకు, గొల్లలకు, వడ్రంగులకు పాత్రలు కట్టించేవాడు. రాగాల పేర్లు ఆయనకు తెలియవు. అడుగు తప్పితే చేతిలోని చిరుత కర్రతో పిక్క మీద ఒకటి వేసేవాడు, శ్రుతి తప్పితే హార్మోనియం ఆపేసి ఊరుకునేవాడు. ఆ మౌనం దెబ్బకన్నా ఎక్కువ బాధించేదని ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఊరందరి శ్రుతి సరిచేసిన మనిషి కొడుకును మాత్రం హార్మోనియం పక్కకు రానివ్వలేదు. 'నువ్వు సదువుకోవాలె బిడ్డా, ఈ గోల నీకెందుకు' అన్నాడట. ప్రేమతోనే అన్నాడు. పాట మా ఇంట్లో అక్కడ ఆగింది. హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి.

సంగీతకారుల ఇల్లు నిజంగా ఇచ్చేదేమిటో నాకు తాత కథలోనే తెలిసింది. ఆ ఇంట్లో తప్పు పాడితే ఎవరో ఒకరు ఆపుతారు. తెల్లవారకముందు ఖరజ్ సాధనలో కింది షడ్జమం వణికితే పక్క గదిలోంచి దగ్గు వినిపిస్తుంది. అన్నం తింటూ కూనిరాగం తీస్తే, ఆ రాగంలో ఆ గాంధారం లేదురా అని వంటింట్లోంచి కేక వస్తుంది. ఫీజు లేకుండా, వేళాపాళా లేకుండా, ఏళ్ల తరబడి జరిగే దిద్దుబాటు అది. జస్‌రాజ్‌కు తండ్రి లేకపోయినా ఆ దిద్దుబాటు ఉంది. మణిరాం రూపంలో ఉంది.

పాత ఉస్తాదులు ఈ దిద్దుబాటునే దాచుకున్నారు. శిష్యరికానికి గుర్తుగా మణికట్టుకు గండా అనే దారం కట్టించుకున్న శిష్యుడికి కూడా కొన్ని బందిష్‌లు, అంటే రాగంలో కట్టిన పాటలు, చెప్పేవారు కాదని, అవి కొడుకులకూ అల్లుళ్లకూ అని, కొన్నిచోట్ల కట్నంగా కూడా ఇచ్చారని చెబుతారు. తిండి పెట్టే విద్యను దాచుకోవడంలో తప్పేముందని అనేవాళ్లున్నారు. కొంత నిజమే. కానీ అట్లా దాచిన ఇళ్లలో పాడగలిగిన కూతుళ్లు ఎంతమంది సభకెక్కకుండానే ముసలివాళ్లయ్యారో లెక్క తీసినవాళ్లు లేరు.

హైదరాబాద్‌తో ముడిపడ్డ మరో గొంతు బడే గులాం అలీ ఖాన్‌ది. కసూర్‌లో పుట్టాడు. తండ్రి అలీ బక్ష్ ఖాన్, పినతండ్రి కాలే ఖాన్ ఇద్దరూ గాయకులే. దేశ విభజనతో ఊరు పాకిస్థాన్‌లోకి పోయింది, ఆయన 1957లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. చివరి రోజుల్లో పక్షవాతం వచ్చింది. బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో 1968లో పోయాడు. సమాధి పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో. కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ ఏళ్ల తరబడి ఆయన వెనక కూర్చుని గొంతు కలిపాడు. జస్‌రాజ్‌కు ఏమీ ఇవ్వకుండానే తండ్రి పోయాడు, మునవ్వర్‌కు అంతా ఇచ్చిన తండ్రి పక్కనే ఉన్నాడు. రెండోదే బరువైనదని నా అనుమానం. అంత పెద్ద గొంతు కింద కూర్చున్నవాడు ఎంత బాగా పాడినా జనం వాళ్ల నాయినను వెతుక్కుంటారు. ఇంటికొక బిడ్డకు శాస్త్రీయ సంగీతం నేర్పి ఉంటే దేశం రెండు ముక్కలయ్యేది కాదని బడే గులాం అలీ అన్నాడని చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువ ఆశే అనుకుంటాను, పాడేవాళ్లు కూడా కొట్టుకుంటారు. అయినా నాకు నచ్చింది ఆ 'ఇంటికొక బిడ్డ'. గాయకుల ఇంటికి అని ఆయన అనలేదు.

ఇక మాలినీ రాజూర్కర్. 1941లో పుట్టారు, అజ్మీర్‌లో కొన్నాళ్లు లెక్కల టీచరు. గోవిందరావు రాజూర్కర్ దగ్గర, ఆయన సోదరుడి కొడుకు వసంతరావు దగ్గర గ్వాలియర్ పద్ధతి నేర్చుకుని, వసంతరావునే పెళ్లాడి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. టప్పా అనే గాన ప్రక్రియలో ఆవిడకు ఆవిడే సాటి. పుట్టిల్లు ఇవ్వని విద్యను అత్తింటి పేరుతో 2023లో పోయేదాకా మోశారు. ప్రచారం అంటే దూరం జరిగేవారు. మా దగ్గర కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న 'ఎవరి బిడ్డవు?' హిందుస్థానీ సభల్లో 'ఎవరి దగ్గర నేర్చుకున్నావు?' రెండోది అడిగినప్పుడు ఆవిడలాంటి వాళ్లకు కూడా చోటు దొరుకుతుంది, నాకు ఆ ప్రశ్నే ఇష్టం.

జస్‌రాజ్ 1970ల మొదట్లో తండ్రి పేరున హైదరాబాద్‌లో ఒక సంగీత సమారోహం మొదలుపెట్టాడు. తర్వాత మణిరాం పేరు కూడా కలిసి, ఏటేటా జరిగింది. 2019లో ఒక చిన్న గ్రహానికి ఆయన పేరు పెట్టారు. 2020లో అమెరికాలో పోయాడు. అంత ఎత్తుకు పోయిన మనిషి, నాలుగేళ్లప్పుడు తండ్రిని పోగొట్టుకున్న ఊరికి ఏటా వచ్చి పాడాడు. మోతీరాం ఎవరో ఇవాళ మనకు తెలిసిందంటే అది ఆ కొడుకు పుణ్యమే.

మా తమ్ముడి బిడ్డ ఇంటర్ చదువుతోంది. ఫోన్లో యూట్యూబ్ పెట్టుకుని యమన్ రాగం పాడుతుంది. గొంతు బాగుంది. 'పెద్దనాయినా, నాది ఏ ఘరానా?' అని మొన్న నవ్వుతూ అడిగింది. 'ఫోన్ ఘరానా' అన్నాను. దాని చిక్కు ఒక్కటే. అది వినిపిస్తుంది కానీ వినదు. ఈ పిల్ల తీవ్ర మధ్యమం ప్రతిసారీ కొంచెం కిందికి పడుతోంది, యమన్‌కు ప్రాణం ఆ స్వరంలోనే ఉంది. తాత ఉంటే మాట్లాడకుండా హార్మోనియం ఆపేసేవాడు. దిద్దేంత జ్ఞానం నాకు లేదు, తప్పని మాత్రం తెలుస్తుంది.

హైదరాబాద్ రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో హిందుస్థానీ గాత్రం నేర్పుతారు. జనగామ దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కితే సికింద్రాబాద్. మా తమ్ముడు ముందు ఎంసెట్ అంటున్నాడు. వాళ్లమ్మ ఆడపిల్ల ఒక్కతే ఎట్లా పోతదంటోంది. తోడు నేను పోతానన్నాను. ఫీజు సంగతి, హాస్టల్ సంగతి కనుక్కురమ్మని తమ్ముడు చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది కనుక్కోవడానికే, పంపడానికి కాదని రెండుసార్లు చెప్పాడు. సోమవారం పోతున్నాం.