దాచుటయా, వాడుటయా?

ప్రియమైన వస్తువును దాచుకొనుట ధర్మమా, వాడుకొనుట ధర్మమా? మన యిండ్లలో పట్టుచీరను గూర్చియు, వీణను గూర్చియు పుట్టు ఈ ప్రశ్న, మంచు కురియు దేశములలో స్పోర్ట్సు కారు గలవారికి ఏటేట శీతకాలమున ఎదురగుచుండును. వారి సమాధానములను విచారించుట వలన మనకును కొంత ప్రయోజనము కలదు.

అచ్చట కారునకు ప్రధాన శత్రువు మంచు కాదు, ఉప్పు. మంచు కరగుటకై జర్మనీలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను బాటలపై ఉప్పు చల్లుదురు. నీరు 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకట్టును. నూటికి 23 పాళ్లు ఉప్పు కలిసిన నీరు సుమారు −21 డిగ్రీల వరకు గడ్డకట్టదు. ఆ ఉప్పునీరు బండి అడుగుభాగమునకు చేరి ఉక్కును త్రుప్పు పట్టించును. బాటసారుల ప్రాణములు కాచు ఉప్పే బండిని తినివేయుచున్నది. కనుక దానిని నిందించుటకును వీలు లేదు.

కొందరు కారును వసంతము వరకు దాచుదురు. జర్మనీలో 1997 నుండి, ఏడాదిలో కొన్ని నెలలకు మాత్రమే చెల్లు నంబరు పలకలు కూడ ఇచ్చుచున్నారు. అయితే దాచుటయు సులభము కాదు. కదలని బండిలో బ్యాటరీ నీరసించును. ఒకేచోట బరువు మోసిన టైర్లు అడుగున చదునగును. ఎలుకలు తీగెలను కొరుకును. వాడనంత మాత్రమున వస్తువు క్షయమును తప్పించుకొనజాలదు.

మరికొందరు మంచులోను నడుపుదురు. పోర్షే 911 అను కారులో ఇంజను వెనుక చక్రములకును వెనుకగా నుండును. ఆ బరువు, బండిని నడిపించు చక్రములను నేలకు అదిమి పట్టుటచే జారుడు బాటపై పట్టు చిక్కును. ఆల్ప్సు కనుమలలో చలికాలమున జరుగు మాంటీకార్లో ర్యాలీని ఈ కారు 1968, 1969, 1970 సంవత్సరములలో వరుసగా గెలిచినది. 1975 నుండి దాని దేహమునకు ఇరువైపుల జింకు పూత గల ఉక్కురేకును వాడసాగిరి. అనగా నిర్మాతలే త్రుప్పును ఎదుర్కొనుటకు సన్నాహము చేసిరి. తక్కినది యజమాని బాధ్యత. వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీలకు దిగువ బిరుసెక్కును. కావున శీతకాలపు టైర్లు తొడుగవలెను. ఉప్పుబాటపై తిరిగి వచ్చిన పిదప అడుగుభాగమును నీటితో కడుగవలెను. ముందు బండికి చాల ఎడమిచ్చి, మెల్లగా బ్రేకు వేయవలెను.

ఈ యిరు తెగలవారిలో ధర్మవర్తనులెవరు? నడచుటకై పుట్టిన వస్తువునకు నడకయే సార్థక్యమని నా అభిప్రాయము. పాడగునను భయముతో తాళము వేసినవాడు ఒక ప్రశ్న వేసికొనవలెను: నేను కాచుచున్నది కారునా, దాని వెలనా? వెలయే అయినచో అతడు ప్రేమించుచున్నది ధనమును గాని కారును గాదు. అయితే ఈ వాదమునకు రెండు హద్దులు కలవు. లోకమున ఒకటి రెండు మాత్రమే మిగిలిన వస్తువునకు యజమాని ధర్మకర్త వంటివాడు; దానిని రాబోవు తరములకై దాచుటయే న్యాయము. రెండవది, గడ్డకట్టిన బాటపై తన నేర్పును చూపబోయి ఇతరుల ప్రాణమును పణముగా పెట్టుటకు ఎవరికిని అధికారము లేదు. అట్టి రాత్రి బండిని ఇంట నుంచుటయే వివేకము.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా నిలిచిన మనకు ఈ విచారము మన తెనుగును స్మరింపజేయును. హోసూరులోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, పిల్లల తెలుగులో ఇరుగుపొరుగు భాషల పదములు చేరుచున్నవని పెద్దలు చింతింతురు. ఆ భాషల నడుమనే మనకు జీవనము దొరకినది, వానిని నిందింపరాదు. కలుషితమగునను వెరపుతో మన భాషను పండుగనాటి పద్యమునకు పరిమితము చేసినచో, అది పెట్టెలో మడతలవద్ద చిరుగు పట్టుచీర వలె నశించును. పిల్లలను ఇంట మాటాడనిండు, తప్పులు దొరలనిండు, సాయంకాలము ఒక పుటయైన చదివించి, ఒక లేఖయైన వ్రాయించి, ఆ తప్పులను దిద్దుడు. వాడుచు, కడుగుచు నుండుటయే కాపాడుట.