తెలిసి చేసింది కాదు



ఈసారి మీ ముందు పెడుతున్న ప్రశ్న విహారంలో పుట్టింది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల దిగువన, నల్లరేగడి బురదలో ఇరుసు దాకా దిగబడిన బండి పక్కన పుట్టింది. ప్రశ్న ఇది: తెలిసి చేయని హానికి మనం బాధ్యులమా, కాదా?

ఉద్దేశమే కర్మ అని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయలో ఉంది. మన ఆదివారం కూటాల్లో ఈ మాట మీరు చాలాసార్లు విని ఉంటారు. గొప్ప మాట. యజ్ఞాలను, మడి ఆచారాలను, పుట్టుకతో వచ్చే ఎక్కువతక్కువలను ఆ ఒక్క మాట పక్కకు నెట్టేసింది. అయితే అదే మాట వెనకాల మనిషి దాక్కోవచ్చు కూడా. నేను దాక్కున్నాను. ఎట్లా దాక్కున్నానో చెప్తాను, వినండి.

మేం ఐదుగురం స్నేహితులం. ఒకే సాంఘిక సంక్షేమ హాస్టల్లో, ఒకే హాల్లో చాపల మీద పడుకుని చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు ఒకరు బ్యాంకులో, ఒకరు బడిలో, మిగతావాళ్ళం తలా ఒక ఉద్యోగంలో ఉన్నాం. రెండు బండ్లు ఉన్నాయి: ఒక థార్, ఒక పాత జిప్సీ. ఏడాదికి రెండు మూడుసార్లు రోడ్డు లేని చోట నడపడానికి పోతాం. మా అమ్మకు ఇది ఇప్పటికీ అర్థం కాదు. "మంచి రోడ్డు ఉండంగ బురదల ఎందుకురా పోవుడు?" అంటుంది. మీకూ అట్లనే అనిపించవచ్చు. నా మటుకు నాకు ఇందులో తప్పు కనిపించలేదు. మా నాయన చెప్పులు చేతిలో పట్టుకుని దొర ఇంటి ముందు నుంచి నడిచిన మనిషి. ఆయన కొడుకు స్టీరింగ్ పట్టుకుని కొండ ఎక్కుతుంటే కలిగే సంతోషాన్ని ఏ ధమ్మమూ కాదనదు.

అది ఆగస్టు నెల. రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. హైదరాబాద్ నుంచి బయలుదేరి ఎనిమిదింటికల్లా కొండ దగ్గరికి చేరాం. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. రిజర్వు అడవిలోకి బండ్లు పోనివ్వరు, పోకూడదు కూడా. అందుకని అడవి అంచున, చేల మధ్యన ఉన్న బండ్ల బాటలే పట్టుకున్నాం.

పైన ఎర్రమట్టి, మొరం, గుండ్లు. అక్కడ మాకు బాగా నడిచింది. టైర్లలో గాలి 32 నుంచి 18కి దించాం. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది. ఫోర్ లో గేరు వేస్తే ఇంజను బలమంతా చక్రాలకు నెమ్మదిగా అందుతుంది, బండి మనిషి నడిచినట్టు నడుస్తుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకూడదు, మొదటి గేరులో ఇంజనే పట్టి ఆపుకుంటుంది. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని బండి జారుతుంది. ఒక చోట జిప్సీ ముందు చక్రం గాలిలోకి లేచింది. లోపల కూర్చున్న మా టీచరు మిత్రుడు త్రిశరణాలు మొదలుపెట్టాడు. బయట ఉన్న మేం నవ్వాం. మా పద్ధతి ఏమిటంటే, ప్రతి కష్టమైన చోట ఒకరు బండి దిగి, ముందు నడిచి, గుంత ఎంత లోతో, రాయి ఎక్కడుందో చూసి, చేతితో సైగ చేయాలి. పొద్దుటి పూట ప్రతిసారీ దిగాం.

మధ్యాహ్నం తిండి తిన్నాక దిగలేదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

కిందికి వచ్చేసరికి నేల మారింది. రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురు టైరు గాళ్ళలో నిండితే టైరు నున్నటి గుండు అయిపోతుంది, దానికి ఇక పట్టు ఉండదు. బాట మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ముందు ఉన్న థార్‌లో నేనే నడుపుతున్నాను. పక్కన కంది చేను. చేను ఎత్తుగా, గట్టిగా కనిపించింది. "పక్క నుంచి కొట్టేయ్ రా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొట్టేశాను. గెట్టు మీద నుంచి ఎక్కి, చేనులో ఇరవై గజాలు పోయి, మళ్ళీ బాటలోకి దూకబోయాను. వెనక చక్రాలు దిగబడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కాను. ఇంకా దిగబడ్డాయి. బురదలో తొక్కినకొద్దీ చక్రం తన గుంత తానే తవ్వుకుంటుంది. ఇది నాకు తెలుసు, పదిమందికి చెప్పాను కూడా. అయినా తొక్కాను.

జిప్సీకి తాడు కట్టి లాగాం. తాడు కట్టేటప్పుడు దాన్ని కొక్కేనికే తగిలించాలి, బంపరుకు కాదు. తాడు తెగితే దూసుకొచ్చి మనిషిని కొడుతుంది, అందుకని అందరూ దూరంగా నిలబడాలి. అవన్నీ పాటించాం. మా ప్రాణాల విషయంలో మేం చాలా జాగ్రత్తగా ఉన్నాం. రెండు గంటలు పోయింది. జిప్సీ కూడా జారుతోంది తప్ప థార్ కదలలేదు.

అప్పుడు వచ్చింది ఆమె. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. చేతిలో పార, వెంట కొడుకు. బండి వైపు చూడలేదు. నేరుగా గెట్టు దగ్గరికి పోయి నిలబడింది. నా చక్రాలు తెంపిన చోట నుంచి పై మడిలో ఆగిన వాన నీళ్ళన్నీ కింది చేలోకి పోతున్నాయి, నల్లటి మట్టిని కోసుకుంటూ. మోకాలెత్తు కూడా లేని కంది మొక్కలు రెండు సాళ్ళు నేలకు అంటుకుపోయాయి.

"సారూ, దిగి చూడలేదా?" అంది.

తిట్టలేదు. అడిగింది. నాకు మాత్రం ఆ "సారూ" దగ్గరే ఆగిపోయింది. మా అమ్మ కూడా ఒకప్పుడు ఎవరి ముందో అట్లనే నిలబడి, అట్లనే అడిగి ఉంటుంది. అడగడానికి కూడా ధైర్యం చేసి ఉండదు.

"తెలిసి చేసింది కాదమ్మా" అన్నాను.

"తెలువకపోతే దిగాలె గద బిడ్డా" అంది. ఇంతే. "సారు" పోయి "బిడ్డ" వచ్చింది, అది ఇంకా బరువైంది.

బండిని బయటికి తీసింది వాళ్ళే. కొడుకు పోయి పోయినేటి కంది కట్టె మోపు మోసుకొచ్చి చక్రాల కింద పరిచాడు. "గట్టిగ తొక్కకుర్రి, ఊకె ఆననియ్యుర్రి" అన్నాడు. గేరు వేసి కాలు తీసేశాను. పది నిమిషాల్లో బండి బయట ఉంది. మా తాళ్ళు, మా లెక్కలు చేయలేని పని.

బ్యాంకు మిత్రుడు అయిదు వందల నోట్లు రెండు తీశాడు. ఆమె కాదనలేదు. "పైసలు ఇయ్యుర్రి, మొక్కలు పొయినయి గద. గెట్టు కూడ పెట్టిపోర్రి" అంది. పైసలు ఇచ్చినంత మాత్రాన గెట్టు లేవదు కదా. రాత్రికి మళ్ళీ వానొస్తే మడిలో నీరు ఆగదు, మట్టి ఆగదు. కొడుకు ఇంకో పార తెచ్చాడు. ఐదుగురం మార్చి మార్చి గంటన్నర పని చేశాం. అరచేతులు పొక్కాయి. మేం పోసిన మట్టిని ఆమె మళ్ళీ కాలితో తొక్కి, పారతో అద్ది సరిచేసింది. మా తాతల చేతుల్లో ఉన్న పని మా చేతుల్లో లేదని ఆ రోజు తెలిసింది.

ఇక అసలు సంగతి. తిరుగు ప్రయాణంలో బండిలో వాదన పడింది. వెనక సీట్లోంచి ఒకరు, "ఆ చేను పటేళ్ళదైతే ఏం పోయేది?" అన్నారు. నవ్వుతూ అన్న మాటే. ఎవరూ నవ్వలేదు. ఆమెది ఏ కులమో మేం అడగలేదు. ఎవరిదైనా, అది రేపు తినాల్సిన గింజ. కానీ ఆ మాట నా మనసులోకి కూడా ఒక్క క్షణం వచ్చిందని మీ దగ్గర ఒప్పుకుంటాను.

టీచరు మిత్రుడు నన్ను ఓదార్చడానికి చక్ఖుపాల థేరుడి కథ ఎత్తాడు. ధమ్మపదం మొదటి గాథకు అట్ఠకథలో చెప్పే కథ అది. చక్ఖుపాలుడు అరహంతుడు, గుడ్డివాడు. రాత్రి వాన పడ్డాక తెల్లవారకముందే చంక్రమణం చేస్తుంటే కాళ్ళ కింద పురుగులు చచ్చాయి. తోటి భిక్షువులు ఫిర్యాదు చేశారు. ఆయన చంపడం మీరు చూశారా, చూడలేదు కదా, అట్లనే ఆయన పురుగులను చూడలేదు, చంపాలనే ఉద్దేశం ఆయనకు లేదు అని బుద్ధుడు ఆయనను నిర్దోషి అన్నాడు. "నువ్వూ అంతే. ఉద్దేశం లేదు, కర్మ లేదు" అన్నాడు మా టీచరు.

ఊరట కలిగింది. శంకర్‌పల్లి దాటేదాకా ఆ ఊరటలోనే ఉన్నాను. తర్వాత అది కుదరలేదు. చక్ఖుపాలుడికి కళ్ళు లేవు. నాకు రెండు కళ్ళున్నాయి, బండికి ఇంకో నాలుగు లైట్లు ఉన్నాయి. ఆయన చూడలేకపోయాడు. నేను చూడదలచుకోలేదు. దిగితే బూట్లకు బురద అంటుతుందని, అప్పటికే ఆలస్యమైందని, వెనకవాళ్ళు నవ్వుతారని సీట్లోంచి లేవలేదు. గెట్టు తెంపాలని ఉద్దేశం లేదు, నిజమే. దిగకూడదనే ఉద్దేశం మాత్రం ఉంది. అది చేతన కాక మరేమిటి? మన పంచశీలలో అయిదోది మత్తు ఎందుకు వద్దంటుంది? అది పమాదానికి, అంటే ఏమరుపాటుకు, తావు కాబట్టి. ఆ రోజు మాలో ఎవరూ తాగలేదు. తాగకుండానే ఏమరపాటు వచ్చింది.

ఇంకో సంగతి ఆ వారంలోనే తట్టింది. మనం ఆ నెలల్లో వర్షావాసం పాటిస్తాం, విహారాల్లో ధమ్మ పఠనాలు పెట్టుకుంటాం. అసలు వర్షావాసం ఎట్లా వచ్చింది? వినయపిటకంలో మహావగ్గ చెప్తుంది. మొదట్లో భిక్షువులు వానాకాలంలోనూ తిరిగేవారు. పచ్చగడ్డిని తొక్కుతున్నారు, చిన్న ప్రాణులను చంపుతున్నారు, పక్షులు కూడా వానల్లో గూళ్ళలో ఉంటాయి కదా అని జనం గొణిగారు. ఆ మాట బుద్ధుడి దాకా వచ్చింది. "మా భిక్షువులకు ఉద్దేశం లేదు" అని ఆయన జనానికి జవాబు చెప్పవచ్చు. అట్లా చెప్పలేదు. వానాకాలం మూడు నెలలు ఒకచోటే ఉండమని సంఘానికి చెప్పాడు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో గుడ్డివాడైన ఒక మనిషిని శిక్షించాలా అని ప్రశ్న. అక్కడ ఉద్దేశం చూశాడు. రెండోదాంట్లో నష్టపోయినవాళ్ళు వచ్చి చెప్పారు. అక్కడ నడక మార్చాడు. ఒకసారి ఎవరైనా చెప్పాక, ఇక మనం గుడ్డివాళ్ళం కాదు.

మనకు ఇది కొత్త విషయం కాకూడదు. మన పెద్దలను ఊరి బయట ఉంచినవాళ్ళలో చాలామంది రోజూ పొద్దున్నే లేచి ద్వేషం పెంచుకున్నవాళ్ళు కారు. పెద్దలు చూపిన బాటలో బండి తోలుకుంటూ పోయారు. కింద ఎవరున్నారో దిగి చూడలేదు. అడిగితే "తెలిసి చేసింది కాదు, ఆచారం" అన్నారు. ఆ జవాబును బాబాసాహెబ్ ఒప్పుకోలేదు, మనం ఒప్పుకోలేదు. 1936లో 'కుల నిర్మూలన'లో ఆయన నియమానికీ సూత్రానికీ తేడా చెప్పారు. నియమం అలవాటుగా చేయిస్తుంది, సూత్రం ఆలోచించి చేయిస్తుంది, సూత్రం పాటించేవాడే తన పనికి బాధ్యుడు అని ఆయన వాదన. అప్పుడు వాళ్ళ నోట ఒప్పుకోని జవాబును, స్టీరింగ్ నా చేతికి రాగానే నేను ఎంత తేలిగ్గా అనేశానో చూడండి. ఒక గెట్టుకూ వేల ఏళ్ళ అంటరానితనానికీ పోలికేమిటని మీరు అడగవచ్చు. హానిలో పోలిక లేదు. జవాబులో ఉంది.

అట్లాగని నన్ను నేను కొట్టుకుంటూ కూర్చోలేదు. అదీ ఒక రకం గొప్పే, నా తప్పు ఎంత పెద్దదో చూడండి అని. బండ్లు అమ్మేయలేదు. మళ్ళీ పోయాం, దీపావళి తర్వాత, నేల ఆరాక. ఈసారి రెండు పారలు డిక్కీలో పెట్టుకున్నాం. తిండి తిన్న తర్వాత కూడా ఒకరు దిగి నడవాలని అనుకున్నాం. ఒక వాగు దగ్గర నా వంతు వచ్చింది. దిగాను. నీళ్ళు తొడల దాకా వచ్చాయి, అడుగున ఇసుక జారుతోంది. వద్దని వెనక్కి తిప్పించాను. బ్యాంకు మిత్రుడు ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఆమె ఫోన్ నంబరు ఆ రోజే తీసుకున్నాను. ఆగస్టు చివర్లో పెద్ద వాన పడ్డ మర్నాడు ఫోన్ చేసి, గెట్టు ఆగిందా అమ్మా అని అడిగాను.

"ఒక దిక్కు జారింది. మీరు తొక్కలే గద సరిగ్గ" అంది. "మావోడు పొద్దుగాల్నే పొయి మట్టి ఏసిండు తియ్."